సంతకం కలవని పెద్దాయన

బెంగళూరులో ఒక బ్యాంకులో నేను గుమాస్తాగా చేసే రోజుల్లో, అంటే కంప్యూటర్లు రాకముందు, సంతకాల కార్డులు తీసి పోల్చి చూసి డబ్బు ఇచ్చేవాళ్ళం. ఒక పెన్షనుదారు, మన తెలుగువారే, నెలనెలా వచ్చేవారు. ఆయన అక్షరాలు నెలనెలకూ చిన్నవైపోయి చివరికి చీమల బారులా తయారయ్యాయి. "ఏమండీ, మీ పేరు మీకే రాయడం రాదా?" అని ఒకరోజు వరుసలో అందరూ వినేట్టు అనేశాను. ఆయన మారు మాట్లాడకుండా ఇంకో ఫారం తీసుకుని మళ్ళీ రాశారు. అదీ కలవలేదు.

తర్వాతి నెల వాళ్ళమ్మాయి వచ్చి మెల్లగా చెప్పింది, నాన్నగారికి పార్కిన్సన్స్ అని. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన జబ్బు ఇది. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. దానితో కదలిక మందగిస్తుంది, చేతులు వణుకుతాయి, చాలామందికి చేతిరాత కుంచించుకుపోతుంది. ముఖ కండరాలు బిగుసుకుని నవ్వు కూడా పైకి కనబడదు. ఆయన్ని నేను గర్విష్ఠి అనుకున్నది అందుకే!

ఇలాంటివారికి దారి బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. సంతకం చేయలేని వృద్ధులు, రోగులు వేలిముద్ర వేయవచ్చు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు దాన్ని గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి కావాలి. "ఏమైందండీ?" అని నేను ముందే అడిగి ఉంటే సరిపోయేది.

విద్యార్థులూ, మీ తరగతిలోనూ ఇలాంటివారు ఉంటారు. 1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తిస్తే, 2016 చట్టం 21 గుర్తించింది. పార్కిన్సన్స్, హీమోఫీలియా, తలసీమియా, డిస్లెక్సియా వంటి అభ్యాస వైకల్యాలు అందులో ఉన్నాయి. చాలావరకు చూడగానే తెలిసేవి కావు. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి తెలివి తక్కువేమీ కాదు, అక్షరాలను శబ్దాలతో జతచేయడమే కష్టం. తల్లిదండ్రులు దాన్ని బద్ధకం అనుకుని కొడతారు. వైద్యుల ధ్రువపత్రం ఉంటే పరీక్షలో అదనపు సమయం అడగవచ్చని చాలామందికి తెలియదు. మనసులో బాధ ఉంటే 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో మొదలైన ఈ టెలి మానస్ సేవకు మన ఊరి నిమ్హాన్స్ ప్రధాన కేంద్రం.

స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో మార్కులు ఉన్నట్టుండి పడిపోయిన పేరు కనబడితే నాకు ఆ చీమల బారు గుర్తొస్తుంది.

ఆయన వేలిముద్ర వేసిన రోజు మా మేనేజరుగారు సాక్షి సంతకం చేశారు. ఇంకు ప్యాడ్ నేను పట్టుకున్నాను. "మీకు శ్రమ ఇచ్చాను బాబూ" అన్నారాయన, నాతోనే.