గాలం వేట కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు: ఎర్ర నుంచి పండుగప్ప దాకా

ఈసారి వీడియో జీవామృతం గురించి కాదు, కషాయాల గురించీ కాదు. గాలం గురించి. ప్రకృతి వ్యవసాయానికీ గాలానికీ ఏం సంబంధం అంటారేమో, చదివితే మీకే తెలుస్తుంది. మాది అల్లూరు పక్క. పొలానికి ఒకవైపు కాలువ, ఇంకోవైపు నాలుగు అడుగులు వేస్తే రొయ్యల గుంటలు, ఆ అవతల ఉప్పుటేర్లు, సముద్రం. సాయంత్రం పొలం పని అయ్యాక గట్టున కూర్చుని గాలం వేయడం మా వైపు పిల్లా పెద్దా అందరికీ అలవాటే. కానీ ఈమధ్య పట్నం నుంచి తిరిగొచ్చి సాగు మొదలుపెట్టిన కుర్రాళ్లు చాలామందికి ముడి వేయడం కూడా రావడం లేదు. వాళ్ల కోసం రాస్తున్నా.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్లో క్రాపీ, బాస్ అని చేపల ఫోటోలు చూపిస్తుంటారు. అవి అక్కడి మంచినీటి చేపలు, మన చెరువుల్లో ఉండవు. కానీ పట్టే పద్ధతి ఒక్కటే. క్రాపీ గుంపుగా తిరుగుతుంది, నోరు మెత్తన, బెండు కింద చిన్న చేపనో పురుగునో వేలాడదీస్తే అందుకుంటుంది. మన దగ్గర ఆ స్థానం జిలేబీ చేపది, అంటే తిలాపియాది. బాస్ మాటు వేసి ఎగబడే చేప. దానికి జోడు మన మంచినీళ్లలో కొర్రమీను, ఉప్పునీళ్లలో పండుగప్ప. పండుగప్పను ఇంగ్లీషు వాళ్లు ఆసియా సీబాస్ అనే పిలుస్తారు, కాబట్టి బాస్ కావాలన్నవాళ్లు నెల్లూరు తీరం వదిలి ఎక్కడికీ పోనక్కర్లేదు.

సామాను సంగతి

మొదటి ఏడాది రీలు కొనొద్దు. తొమ్మిది పది అడుగుల ఎండు వెదురు, కొస సన్నగా వంగేది ఒకటి చాలు. కర్ర ఎంత పొడవో దారం కూడా అంతే, ఒక మూరెడు ఎక్కువైనా పర్లేదు. నైలాన్ దారం జారుడుగా ఉంటుంది, మామూలు ముడి వేస్తే చేప లాగగానే ఊడిపోతుంది. గాలం కంటిలోంచి దారం దూర్చి, ఆ కొసను అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, కంటి దగ్గర ఏర్పడిన సందులోంచి వెనక్కి తీసి, ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించాలి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి దారం బలం పోతుంది. వీడియోలో దీన్ని రెండుసార్లు నిదానంగా చూపించాను, ఆపి ఆపి చూడండి.

బెండుకి నెమలి ఈక కాడ గానీ, జీలుగ బెండు గానీ వాడతాం. ఇది మనం పచ్చిరొట్టకు చల్లే జీలుగ కాదు, చెరువు నీళ్లలో పెరిగే నీటి జీలుగ, తెల్లగా దూదిలాంటి కాండం ఉండేది. గాలాల నంబర్లు కొత్తవాళ్లను తికమక పెడతాయి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. జిలేబీకి పది, పన్నెండు నంబరు. పెద్దవాటికి సున్నా తగిలించి రాస్తారు, అక్కడ మాత్రం లెక్క తిరగబడి నంబరుతో పాటు గాలం కూడా పెరుగుతుంది. కొర్రమీనుకు ఒకటి బై సున్నా, పండుగప్పకు మూడో నాలుగో బై సున్నా.

బరువుకు అంగట్లో సీసం గుండ్లు ఇస్తారు. నేను చిన్న ఇనుప నట్లు కడతాను. దారం తెగి సీసం అడుగున మిగిలిపోతే బాతులు, కొంగలు గులకరాళ్లతో పాటు మింగుతాయి. బ్రిటన్‌లో హంసలు ఇలాగే చచ్చిపోతున్నాయని 1987లో సీసం గుండ్లు నిషేధించారు. నేలపట్టు గూడబాతులు మేత కోసం ఈ నీళ్లన్నీ తిరుగుతాయి కదా, మనం కట్టేది నట్టే అయితే పోలా.

ఎర

అసలు విషయం ఇదే. కర్ర ఎవరైనా పట్టుకుంటారు, ఎర కుదరకపోతే సాయంత్రమంతా దోమలకు రక్తమిచ్చి రావడమే.

అన్నిటికీ పనికొచ్చేది ఎర్ర, అంటే వానపాము. ఇక్కడ మనకు లాభం ఉంది. మందులు కొట్టే పొలంలో గంట తవ్వినా నాలుగు దొరకవు. ఆచ్ఛాదన వేసిన మన చేలో గడ్డి పక్కకు జరిపితే గుప్పెడు. చెరువుకు పోయేముందు నేను అరటి చెట్ల మొదట్లో తడి ఆకుల కింద చూస్తాను, పది నిమిషాల పని. తడి మట్టి, ఎండాకు వేసిన కొబ్బరి చిప్పలో పెట్టి నీడన ఉంచితే రెండు రోజులు బతుకుతాయి. స్థానిక వానపామా, విదేశీ వానపామా అని మనలో ఎప్పుడూ చర్చ జరుగుతుంటుంది. చేపకు ఆ చర్చ పట్టదు గానీ ఒక తేడా మాత్రం ఉంది. వర్మీ బెడ్లలో పెంచే సన్న ఎర్ర రకం గుచ్చగానే వాసనగల పసుపు ద్రవం వదులుతుంది, అందుకే పొలంలోని నాటు ఎర్రనే ముందు చూడండి. మొత్తం ఎర్రను ఒక్క గాలానికి దండలా గుచ్చొద్దు. జిలేబీకి అంగుళం ముక్క చాలు, గాలం మొన మాత్రం దాగాలి. తోక ఎక్కువ వేలాడితే చేప దాన్నే కొరుక్కుని పోతుంది, బెండు ఊగుతూనే ఉంటుంది, చేప మాత్రం రాదు.

రెండోది పిండి ముద్ద. గోధుమ పిండి రెండు పిడికిళ్లు, వేరుశనగ చెక్క పొడి ఒక పిడికిలి, కాస్త మెతుకు, నీళ్లు తక్కువ పోసి గట్టిగా పిసకాలి. నీళ్లలో విడిపోకుండా కాస్త దూది పీచులు తీసి కలిపితే ముద్ద పట్టుకుని ఉంటుంది. జిలేబీ, రోహు పిల్లలు దీనికి బాగా వస్తాయి. మిగిలిన ముద్దను తవుడుతో కలిపి గాలం వేసేచోట చిన్న ఉండలుగా విసిరితే గుంపు అక్కడే నిలుస్తుంది. ఎక్కువ వేయొద్దు, కడుపు నిండిన చేప గాలం వైపు చూడదు.

మిడతలు, గొల్లభామలు కూడా మంచి ఎర. వరి గట్టున ఉదయం మంచు ఆరకముందే పట్టుకోవాలి, అప్పుడు ఎగరలేవు. చీడా తగ్గింది, ఎరా దొరికింది.

కప్పల విషయం కాస్త గట్టిగానే చెప్పాలి. కొర్రమీనుకు బతికున్న చిన్న కప్పను మించిన ఎర లేదని మా పెద్దలందరూ అంటారు. నిజమే, నేను కాదనను. కానీ ప్రకృతి వ్యవసాయం చేస్తూ కప్పను గాలానికి గుచ్చడం నాకు ఒప్పదు. కప్ప రాత్రంతా మన మడిలో పురుగులు ఏరుతుంది, కూలి అడగదు. కప్పకాళ్లు ఎగుమతి చేసి చేసి కప్పలు తగ్గిపోయి పొలాల్లో పురుగు పెరుగుతోందన్న ఆందోళన వల్లే మన దేశం 1987లో ఆ ఎగుమతి ఆపేసింది. మన మడిలో కప్పను మనమే తగ్గించి, తర్వాత పురుగుకు కషాయం కాయడం ఏం లెక్క? ఇప్పుడు రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి. తూటాకు మీదుగా కుదుపుతూ లాగితే కొర్రమీను ఎగిరి పట్టుకుంటుంది. వీడియో చివర్లో ఉంది చూడండి, నాలుగు విసుర్లు పోయాయి, ఐదోదానికి తగిలింది.

రొయ్య ఎర, ఒక జాగ్రత్త

ఉప్పుటేర్లలో పండుగప్పకు, దువ్వెన చేపకు రొయ్యే ఎర. పండుగప్పకు బతికున్న రొయ్య కావాలి, తోక దగ్గర రెండో కణుపులో అడ్డంగా గుచ్చితే చాలాసేపు ఈదుతుంది. తలలో గుచ్చితే వెంటనే చచ్చిపోతుంది.

ఈ రొయ్యను ఏ కాలువలో వేట వేస్తారో ఆ కాలువలోనే చిన్న వలతో పట్టుకోండి. గుంటల దగ్గర రోగం వచ్చి పారేసినవో, చవగ్గా ఇచ్చినవో తెచ్చి ఎరగా వాడొద్దు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ మన నెల్లూరు తీరం గుంటలను ఎలా ఊడ్చిందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది, పొలాలు గుంటలుగా మార్చిన కుటుంబాలు అప్పులపాలయ్యాయి. ఆ వైరస్ మనుషులకు ఏమీ చేయదు, కానీ చచ్చిన రొయ్యలో, ఐసులో పెట్టిన రొయ్యలో కూడా నిలిచి ఉంటుంది. ఆస్ట్రేలియాలో 2016 చివర్లో క్వీన్స్‌లాండ్ లోగాన్ నది పక్కన ఉన్న గుంటల్లో ఇదే వైరస్ బయటపడింది. ఎలా వచ్చిందని వెతికినప్పుడు, తినడానికి దిగుమతి చేసిన పచ్చి రొయ్యలను గాలాలకు ఎరగా వాడటం కూడా అనుమానించిన దారుల్లో ఒకటి. ఒక గాలం ఎర అంత పని చేయగలదు. మన పక్క గుంట రైతు బియ్యం బస్తా మన దగ్గర కొనకపోవచ్చు, అయినా అతని గుంట మునిగితే కూలి మన ఊరికే పోతుంది.

ఏ చేప ఎలా పడుతుంది

జిలేబీతో మొదలుపెట్టండి. 1952లో మన దేశానికి తెచ్చిన చేప ఇది, గుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగి పిల్లల్ని కాపాడుతుంది కాబట్టి ఎక్కడ పడితే అక్కడ నిండిపోయింది. ఎంత పట్టినా తప్పు లేదు. ముందు ఒక బరువు కట్టి లోతు చూసుకోండి, ఎర అడుగుకు జానెడు పైన ఉండేలా బెండు జరపండి. బెండు టకటకా కదులుతుంటే కర్ర ఎత్తొద్దు, అది రుచి చూస్తోంది. బెండు పక్కకు జరిగినప్పుడో, మునిగినప్పుడో మణికట్టుతో చిన్న కుదుపు. మొత్తం చెయ్యి ఎత్తి లాగితే చేప చెట్టు మీద ఉంటుంది.

అడుగున పెడితే జెల్ల, మార్పు, ఇంగిలాయి పడతాయి. వీటి రెక్కల ముల్లు గుచ్చుకుంటే సలుపు మామూలుగా ఉండదు. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా పెట్టండి, నొప్పి తగ్గుతుంది. తగ్గకపోయినా, ముల్లు లోపల విరిగినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

కొర్రమీను గాలి పీల్చే చేప. తూటాకు, తామరాకుల సందుల్లో గుటుక్కుమని పైకొచ్చి గాలి తీసుకుని పోతుంది, ఆ బుడగ చూసిన చోట పక్కగా ఎర వేయాలి, నెత్తిన కాదు. పట్టగానే లాగొద్దు, నోట్లో తిప్పుకునే దాకా మనసులో ఐదు లెక్కపెట్టండి. వానాకాలంలో నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు ఒక తట్టంత కదులుతూ కనిపిస్తే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టు. ఆ సమయంలో ఏది వేసినా కోపంతో కొరుకుతాయి, పట్టడం చాలా తేలిక. అందుకే పట్టొద్దు. పెద్దది లేకపోతే ఆ పిల్లలన్నీ గంటలో మిగతా చేపల పాలు.

పండుగప్పకు పోటు పాటు తెలియాలి. నీళ్లు నిలకడగా ఉంటే అది కదలదు. పోటు మళ్లి పాటు మొదలయ్యే వేళ చిన్న చేపలు పిల్ల కాలువల్లోంచి పెద్ద కాలువలోకి జారతాయి, ఆ మూల దగ్గర, వంతెన స్తంభం నీడన అది మాటు వేస్తుంది. పోటు రోజుకు ముప్పావు గంట, గంట దాకా వెనక్కి జరుగుతుంది, నిన్న పడిన టైముకే ఈరోజూ పోతే ఉత్త చేతులే. అమావాస్య, పున్నమి చుట్టూ నీటి లాగుడు ఎక్కువ. పెన్నా కలిసే ఊటుకూరు వైపు, కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయ, బకింగ్‌హాం కాలువలో ఉప్పునీరు ఎక్కే భాగాలు దీని తావులు. మొప్ప రెప్ప అంచు బ్లేడులా ఉంటుంది, దారాన్నీ వేళ్లనూ కోస్తుంది. గాలం పైన రెండడుగులు లావు దారం కట్టాలి, చేపను కింది దవడ దగ్గర గుడ్డతో పట్టుకోవాలి.

ఇంకో సంగతి. పండుగప్ప మొదట మగచేపగా పెరిగి, కొన్నేళ్ల తర్వాత బాగా బరువెక్కాక ఆడచేపగా మారుతుంది. అంటే బాగా పెద్దవి దాదాపు అన్నీ తల్లులే. కిలో, రెండు కిలోలది కూరకు సరిపోతుంది, అంతకు మించి పెద్దది పడితే ఫోటో తీసుకుని వదిలేయడం నా పద్ధతి. దీని పిల్లల్ని చెన్నైలోని సీబా సంస్థ 1997లోనే హేచరీలో పుట్టించింది, ఇప్పుడు పెంపకానికి సీడు దొరుకుతోంది. అయితే పంట కుంటలో కార్పు పిల్లలు ఉంటే ఇది వేయకండి, నెల తిరిగేసరికి కుంటలో ఇది ఒక్కటే ఉంటుంది.

నీళ్ల సంగతి, వంట సంగతి

చాలా చెరువులు మత్స్యకార సంఘాల లీజులో ఉంటాయి. ఊళ్లో అడిగి, వాళ్లు సరేనంటేనే కూర్చోండి, అది వాళ్ల జీవనం. పిల్లల్ని ఒంటరిగా ఉప్పుటేరు గట్టుకు పంపొద్దు. తెగిన దారం జేబులో వేసుకుని రండి.

పైన పొలాల్లో మందు కొట్టిన నాలుగు రోజులు ఆ మురుగు కాలువ చేప తినొద్దు. సైపర్‌మెత్రిన్ లాంటి మందులు చేపకు చాలా కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. కాలువలో చిత్తపరిగెలు తేలుతున్నాయంటే పైనుంచి ఏదో వచ్చినట్టే. మనవి కషాయాలు కదా, ఏమీ కాదని అనుకోవద్దు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, పొగాకు చేపకు విషం. డ్రమ్ములు, స్ప్రేయర్లు కాలువలో కడగకండి, గట్టు మీద కడిగి నీళ్లు చెట్లకు పోయండి. ఎండాకాలం తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం అది మందు కాకపోవచ్చు, రాత్రంతా నాచు ఆక్సిజన్ వాడేసి ఉంటుంది. ఆ రోజు ఎర కూడా ముట్టవు, ఎండ ఎక్కాక రండి.

చేపను బూడిదతో, రాతి ఉప్పుతో రుద్ది కడిగితే జిగురు పోతుంది. కొర్రమీనుకు ఇది తప్పనిసరి. పులుసులో పుల్ల మామిడికాయ ముక్కలు దించేముందు వేయండి, మట్టి దాకలోనే ఉంచి మరునాడు పొద్దున తినండి. వచ్చే వీడియోలో రబ్బరు కప్ప విసరడం ఒక్కటే విడిగా చూపిస్తాను, ఈసారి గాలి ఎక్కువై సరిగ్గా రికార్డు కాలేదు.