సూదిపోటు - ఆసుపత్రి సిబ్బంది రక్షణ

ఆసుపత్రి అనగానే మనకు రోగి గుర్తుకు వస్తాడు. అతనికి సేవచేసే నర్సు, రక్తం తీసే ఉద్యోగి, వార్డు ఊడ్చే ఆయా కూడా ప్రమాదం మధ్యనే పనిచేస్తున్నారన్న సంగతి సాధారణంగా తలపుకు రాదు. ఆ ప్రమాదాలలో సూదిపోటు ఒకటి. గాయం చిన్నదే కాని, దాని ఫలితం చిన్నది కాకపోవచ్చు.

రోగికి వాడిన సూది మరొకరికి గుచ్చుకుంటే దాని రక్తం ద్వారా ముఖ్యంగా మూడు వ్యాధులు సంక్రమించవచ్చు: హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. హెచ్.ఐ.వి. ఉన్న రక్తమైతే అది సోకే అవకాశం సుమారు వెయ్యికి 3. టీకా వేయించుకోనివారికి హెపటైటిస్-బి సోకే అవకాశం నూటికి 6 నుండి 30 వరకు ఉంటుంది. జనం ఎక్కువగా భయపడేది హెచ్.ఐ.వి.కి, ఎక్కువ సులభంగా సోకేది హెపటైటిస్-బి. దీనికి 1980ల నుండి టీకా ఉంది.

గుచ్చుకునేది ఎవరికి? వాడిన సూదికి తిరిగి మూత పెట్టబోతూ నర్సు గాయపడవచ్చు. అదే సూదిని మామూలు చెత్తబుట్టలో వేస్తే, సంచి ఎత్తే పారిశుద్ధ్య కార్మికుడు గాయపడతాడు. ఆ రక్తం ఏ రోగిదో నర్సుకు తెలుసు, కార్మికునికి తెలియదు. ఒకరు వదిలిన ప్రమాదం మరొకరి చేతికి తగులుతున్నప్పుడు, "జాగ్రత్తగా ఉండు" అని ఆ కార్మికునికి చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఏర్పాటు ఆసుపత్రి చేయాలి. మన దేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులను చిల్లుపడని తెల్లని డబ్బాలలో వేయాలి. ఆ వ్యర్థాలను ముట్టుకునే వారందరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. వార్డులో సూది వాడే చోటనే ఆ డబ్బా అందుబాటులో ఉంటేనే ఈ నిబంధన ఫలిస్తుంది.

సూది గుచ్చుకుంటే ఆ చోటును వెంటనే సబ్బునీటితో కడగాలి. పిండకూడదు, నోట పెట్టుకోకూడదు. హెచ్.ఐ.వి. సోకే అవకాశం ఉందని వైద్యుడు భావిస్తే నివారణ మందులను వీలైతే 2 గంటలలోపే ప్రారంభించాలి. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. ఆ మందులు 28 రోజులు వాడాలి.

అంటే ఇక్కడ మౌనమే పెద్ద ముప్పు. కాంట్రాక్టు కార్మికుడు పని పోతుందన్న భయంతో గాయాన్ని దాచుకుంటే ఆ విలువైన గంటలు గడిచిపోతాయి. కనుక పై అధికారి మొదట అడగవలసినది "ఎందుకు అజాగ్రత్తగా ఉన్నావు?" అని కాదు, "ఎప్పుడు గుచ్చుకుంది?" అని. మొదటి ప్రశ్న విన్నవారు రెండోసారి గాయపడితే చెప్పరు.