పొగగొట్టం పాలయ్యే వేడి

సిమెంటు బట్టీలో సున్నపురాయి పొడి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్లింకర్ అనే గట్టి ఉండలుగా మారుతుంది. అక్కడి వేడి వాయువులు ప్రీహీటర్ టవర్ గుండా పైకి పోతూ, ఎదురొచ్చే పొడిని కాచి, చివరికి 300 డిగ్రీలకు పైబడిన వేడితోనే బయటపడతాయి. క్లింకర్‌ను చల్లార్చిన గాలీ అంతే. ముడిసరుకు ఆరబెట్టడానికి కొంత వాడుకున్నా, మిగతాది పొగగొట్టం పాలే.

దాన్ని పట్టి ఆపేది హీట్ ఎక్స్ఛేంజర్. గొట్టానికి బయట వేడి వాయువు, లోపల నీళ్లు. రెండూ కలవవు, వేడి మాత్రం గోడ దాటుతుంది. నీళ్లు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతాయి. ఫ్యాక్టరీకి కావలసిన కరెంటులో దాదాపు నాలుగో వంతు ఇలా వస్తుంది, అదనంగా బొగ్గు కాల్చకుండానే.

చెప్పుకోడానికి ఇంత తేలిక. తంటా అంతా దుమ్ముతోనే.

ప్రీహీటర్ నుంచి వచ్చే దుమ్ము మెత్తగా పిండిలా ఉండి గొట్టాలకు పొర కడుతుంది. పొర మందమైతే వేడి లోపలికి దిగదు. అందుకే అక్కడ నున్నటి గొట్టాలు బిగించి, యంత్రపు సుత్తులతో ఉండుండి కొట్టిస్తారు. ఆ అదురుకు దుమ్ము రాలి అడుగున ఉన్న హాపర్‌లో పడుతుంది. అది మళ్లీ ముడిపొడిలోకే పోతుంది. క్లింకర్‌ను చల్లార్చే కూలర్ వైపు దుమ్ముది ఇంకో గుణం: అంటుకోదు, గరుకుగా లోహాన్ని గీరేస్తుంది. అక్కడ ముందు ఓ పెద్ద గదిలో గాలి వేగం తగ్గించి ముతక రేణువులను దించేస్తారు. ఆ తర్వాతే, వేడిని ఎక్కువగా లాగే రెక్కల గొట్టాలు. ఒకే ఫ్యాక్టరీ, రెండు బాయిలర్లు; ఒకదానికి సరిపడ్డ గొట్టం రెండోదానికి పనికిరాదు.

పోనీ వేడినంతా పిండేద్దామన్నా కుదరదు. గంధకమున్న ఇంధనం కాల్చే కొలిమిల్లో పొగ మరీ చల్లబడితే సల్ఫ్యూరిక్ ఆమ్లం చెమ్మగా చేరి ఉక్కును తినేస్తుంది.

వేడి తక్కువగా ఉన్నచోట నీటికి బదులు పెంటేన్‌లాంటి, తొందరగా మరిగే ద్రవాలు వాడతారు. జర్మనీలోని లెంగ్‌ఫర్ట్ సిమెంటు ఫ్యాక్టరీ 1999లో ఆ దారి పట్టింది. మన అనంతపురం జిల్లా తాడిపత్రిలోనూ అదే పద్ధతిలో ఓ యూనిట్ పెట్టారు.

ఇప్పుడు కొత్త డిజైన్ల సందడి. ఉక్కు పలకలపై మిల్లీమీటరు సైజు కాలువలు రసాయనాలతో చెక్కి, వేడిలో నొక్కి ఏకముద్ద చేసే ఎక్స్ఛేంజర్లు చిన్న చోటులోనే బోలెడు వేడిని మారుస్తాయి. ముచ్చటైన పనితనమే, కానీ సిమెంటు దుమ్ముకు ఆ కాలువలు ఇట్టే పూడిపోతాయి. దుమ్ము పొగలకు హీట్ పైపులే మేలనిపిస్తుంది. దేనికది సీలు వేసిన గొట్టం. లోపలి ద్రవం ఒక కొసన ఆవిరై రెండో కొసన చల్లబడుతూ వేడిని మోస్తుంది. ఒకటి చిల్లుపడినా మిగతావి పనిచేస్తూనే ఉంటాయి, బట్టీ ఆపక్కర్లేదు.