గాలి లేస్తేనే... పండుగప్ప!
యానాం రేవు నుంచి చిలికా దాకా పెద్దచేప కోసం గాలితో పోటీ

యానాం: గాలి లేని రోజు గౌతమి అద్దంలా ఉంటుంది. చూసేవాళ్ళకు ముచ్చట, గాలం వేసేవాడికి దిగులు. నీళ్ళు కదలకుండా తేటగా ఉంటే పండుగప్పకు అన్నీ కనబడతాయి. పైనున్న పడవ నీడ, తంగూసు, ఎరలో దాచిన కొక్కెం... ఏదీ దాని కన్ను దాటిపోదు. దగ్గరకొచ్చి, ఓసారి చూసి, తోక తిప్పి వెళ్ళిపోతుంది. అదే మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేచి నీటి మీద నురగ కట్టడం మొదలైందా... ఇక చూడాలి! పొద్దుటి నుంచి ముట్టని చేప అప్పుడు ఎర మీదకు విరుచుకుపడుతుంది.

అందుకే గాలి వీస్తుంటే పెద్దవాళ్ళు ఇంటికి బయల్దేరతారు, పెద్దచేప కోసం తిరిగేవాళ్ళు మాత్రం అప్పుడే రేవుకొస్తారు. పది కిలోల పండుగప్ప ఒక్కటి పడితే చిన్న పడవ వాడికి ఆ వారం గడిచిపోయినట్టే. పులసలాగా ఇది వరదల నెలల్లోనే దొరికేది కాదు, ఏడాది పొడుగునా ఉంటుంది. కాకపోతే చేతికి చిక్కదు, అదే తేడా.

ఊరు మారితే పేరు మారె

గోదావరి వాళ్ళ నోట ఇది పండుగప్ప. పూరీ పెంటకోటలోనో చిలికా ఒడ్డునో ఉండే మన వాడబలిజలు ఇంట్లో ఏమనుకున్నా, ఒడియా బేరగాళ్ళ దగ్గరకొచ్చేసరికి 'భేక్టి' అనాల్సిందే. కోల్‌కతా మార్కెట్లో భేట్కీ. చెన్నైలో, పులికాట్‌లో 'కొడువా' అంటేనే తెలుస్తుంది. మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో దీని పేరు జితాడా, గోవాలో చొణక్. ఆస్ట్రేలియా వాళ్ళు బారాముండి అంటారు. పెద్ద హోటళ్ళ మెనూ కార్డు మీద మాత్రం 'సీ బాస్'.

ఈ 'బాస్' అనే మాట దగ్గర కొంచెం జాగ్రత్త. అమెరికా చెరువుల్లో కోట్ల డాలర్ల వ్యాపారం నడిపించే లార్జ్‌మౌత్ బాస్ వేరు, మన పండుగప్ప వేరు. కుటుంబాలే వేరు. అక్కడి చేపలో ప్రపంచ రికార్డు 22 పౌండ్ల పైచిలుకు, అంటే పది కిలోలు దాటి కాస్త. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన ఆ రికార్డును 2009 జులై 2న జపానులోని బివా సరస్సులో మనాబు కురిటా సమం చేశాడు. మన పండుగప్పకు పది కిలోలు పెద్ద లెక్క కాదు. గాలంతో పట్టిన దాంట్లో రికార్డు ఆస్ట్రేలియాలోని మొండురాన్ జలాశయానిది... 2010లో 44 కిలోలు దాటింది! బరువులో పోలిక లేకపోయినా వేటాడే తీరులో మాత్రం రెండూ ఒకటే. నీడ పట్టున నక్కి ఉండి, దగ్గరకొచ్చిన చేపను నీళ్ళతో సహా గుటుక్కున లాగేసుకోవడం. అందుకే బాస్ కోసం జపాను, అమెరికాల్లో పుట్టిన బొమ్మ ఎరలు ఇవాళ మన తీరాలకూ చేరాయి. గోవా, కర్ణాటక, కేరళ మొగల్లో రాడ్డు పట్టుకున్న కుర్రాళ్ళు వీటితోనే పండుగప్ప కోసం తిరుగుతున్నారు.

గాలి చేసే మేలు

గాలి ఒడ్డును కొడితే ఏమవుతుంది? నీటి మీద తేలే నాచుతునకలు, కంటికి కనబడని పురుగూపుట్రా ఆ ఒడ్డుకు చేరతాయి. వాటి కోసం రొయ్యలు, చిన్నచేపలు వస్తాయి. వాటి వెనక కొయ్యింగలు. కొయ్యింగల వెనక పండుగప్ప. ఒకటి రెండు గంటలు గాలి ఒకే దిక్కు నుంచి వీస్తే చాలు, ఆ ఒడ్డు సంతలా తయారవుతుంది. పైగా అలలు ఒడ్డుమట్టిని కలిపేసి నీళ్ళు మసకబారుస్తాయి. వెలుతురు లోపలికి దిగదు. ఆ మసకలో దొంగకన్ను ఉన్నవాడిదే రాజ్యం. పండుగప్ప కన్ను చీకట్లో టార్చిలైటు పడితే ఎర్రగా మెరుస్తుంది చూడండి, మసక వెలుతురులో వేటాడ్డానికి తయారైన కన్ను అది.

కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఇక్కడే. గాలి లేచిందని సుఖంగా ఉండే మరుగు ఒడ్డుకు వెళ్ళి కూర్చుంటారు. అక్కడ టోపీ ఎగరదు, చేపా పడదు. గాలి తగిలే ఒడ్డే కావాలి. అందులోనూ ఒడ్డు నీళ్ళలోకి మూతిలా పొడుచుకొచ్చిన చోటు, మురికినీళ్ళూ తేటనీళ్ళూ కలిసి గీత గీసినట్టు కనబడే చోటు, పాటు తీస్తున్నప్పుడు మడ అడవుల్లోంచి నీళ్ళు బయటికొచ్చే పిల్లకాలువ నోరు... ఇవి వదలకూడదు. గాలి, పాటు రెండూ ఒకే చోట కలిస్తే మరి మాట్లాడే పనేలేదు.

రెండు ముక్కల బొమ్మ

'గ్లైడ్ బైట్' అని పిలిచే ఎర ఒక చేపబొమ్మ. ఒళ్ళు రెండు ముక్కలు, నడుమ కీలు. మామూలు బొమ్మలకుండే పెదవి పలక దీనికుండదు. రీలు పిడిని సగం చుట్టు తిప్పి ఆపితే బొమ్మ ఎడమకు జారుతుంది. మళ్ళీ సగం తిప్పి ఆపితే కుడికి. అలా పాములా మెలికలు తిరుగుతూ, ఏమరుపాటున ఈదుతున్న కొయ్యింగలా వస్తుంది. జపానులో బాగా పేరుపడిన వాటిల్లో ఒకటి 178 మిల్లీమీటర్లు, మరొకటి 250. అంటే జానెడుకు మించిన బొమ్మ! చిన్నచేపలు ఆ సైజు చూసి దగ్గరకు రావు. పెద్దది ఒక్కటొస్తే చాలు అనుకునేవాడే దీన్ని కడతాడు. ఖరీదూ తక్కువేం కాదు, జపాను సరుకైతే వేలల్లో మాట. మడ వేళ్ళలో ఇరుక్కుంటే అంత డబ్బూ నీళ్ళపాలు.

'బతికిన కొయ్యింగ ఉండగా బొమ్మెందుకండీ?' అని పాతకాపులు అడిగితే తప్పు పట్టలేం. వరద బురదలో బతికిన ఎరదే పైచేయి. అంతెందుకు, బొమ్మల పుట్టిల్లయిన జపానులో కురిటాకు ఆ రికార్డు చేప పడింది కూడా బతికిన ఎరకే. కాకపోతే బతికిన ఎర ఒకచోట ఆగి చేప రావాలని చూస్తుంది. బొమ్మతో అయితే గంటలో అర కిలోమీటరు ఒడ్డు వెదకొచ్చు. గాలి కొట్టే ఒడ్డున చేప ఎక్కడుందో తెలీనప్పుడు ఇదే లాభం.

విసరడంలోనే ఉంది

గాలిలో ఈ బొమ్మతో మూడు తంటాలు. మొదటిది విసురు. అరవై గ్రాముల నుంచి నూట యాభై దాటే బరువుంటుంది కాబట్టి దూరం పోతుందనుకుంటాం. కానీ వెడల్పాటి ఒళ్ళు కదా, ఎదురుగాలికి గిరికీలు కొట్టి మధ్యలోనే ఆగిపోతుంది. రీలు మాత్రం ఆగదు. ఇంకేముంది, తంగూసు కొబ్బరిపీచు ముద్దలా చిక్కుపడుతుంది. మందు సులువే. రీలు బ్రేకు ఒక మెట్టు బిగించుకోవాలి, తలపై నుంచి ఎత్తి విసరకుండా పక్కనుంచి నీటికి దగ్గరగా విసరాలి, బొమ్మ నీళ్ళను తాకే ముందే బొటనవేలుతో రీలును ఆపాలి.

రెండోది అసలైన తంటా. ఈ బొమ్మ ఆట అంతా వదులులో ఉంది. లాగాక క్షణం వదిలితేనే పక్కకు జారుతుంది. గాలి అడ్డంగా కొడితే తంగూసు విల్లులా వంగి, మనం వదిలినా అది బొమ్మను లాగుతూనే ఉంటుంది. బొమ్మ మెలిక తిరగడం మాని కర్రపుల్లలా తిన్నగా వచ్చేస్తుంది. కర్రపుల్లను ఏ పండుగప్ప తింటుంది? కాబట్టి గాలి ముఖానికైనా ఉండాలి, వీపుకైనా ఉండాలి, చెంపకు మాత్రం తగలకూడదు. బొమ్మ పడగానే రాడ్డు కొస నీటి దాకా వంచి, వదులు తంగూసు గబగబా చుట్టేయాలి. తేలికగా ఉండే అల్లికదారం కన్నా నీటిలో మునిగే తంగూసు ఇక్కడ నయం. బొమ్మ కూడా తేలేది కాక మెల్లగా మునిగే రకమైతే అలల కింద నిలదొక్కుకుంటుంది.

లాగే వేగమూ మారాలి. తేటనీళ్ళలో మెల్లగా ఊరించాలి. గాలిలో అలా కాదు, కాస్త గట్టిగా, పొడుగు లాగుళ్ళు లాగాలి. మసకనీళ్ళలో చేపకు బొమ్మ కనబడేది ఒక్క క్షణం. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకూడదు.

పడ్డాక సంగతి వేరే. పండుగప్ప నీళ్ళపైకి ఎగిరి తల విదిలిస్తుంది. దాని చెక్కిళ్ళ అంచు కత్తి. సన్నని తంగూసు దానికి ఒరుసుకుంటే పుటుక్కుమంటుంది. కొస మూరెడు మేర లావుపాటిది కట్టనివాడు ఆ ఎగురుడు చూసి ఆనందించి ఇంటికి పోవాల్సిందే.

మూడో తంటా పడవ. అది ప్రాణాలతో ముడిపడ్డది.

పాటుకు ఎదురుగాలి

నదిలో పాటు సముద్రం వైపు లాగుతుంటే, సముద్రం నుంచి గాలి ఎదురు కొడితే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. చూడ్డానికి చిన్నవే, చిన్న పడవను ముంచడానికి చాలు. లంగరు ఎప్పుడూ పడవ ముక్కు నుంచే వేయాలి. విసరడానికి వీలుగా ఉందని వెనక నుంచి వేస్తే అల నేరుగా లోపలికొస్తుంది. పడవ అడ్డం తిరిగితే నిలబడి ఉన్నవాడు ముందు పోతాడు. చేప పడ్డ హడావుడిలో ఇద్దరూ ఒకే పక్కకు ఒరగడం మరో ప్రమాదం.

చిలికాలో ఈ భయం ఇంకా ఎక్కువ. లోతు తక్కువ సరస్సు, గాలి లేచిన కాసేపటికే అల లేస్తుంది. పెళ్ళయి అత్తారింటికి పడవలో వెళ్తూ గాలివానకు మునిగిపోయిన జాయి అనే అమ్మాయే కాళీజాయి అమ్మవారైందని అక్కడి కథ. సంక్రాంతికి ఆ దీవిలో జాతర. మన నోలియా కుటుంబాల్లోనూ ఆ తల్లిని తలవకుండా పడవ తీయని వాళ్ళున్నారు. 2000 సెప్టెంబరులో సరస్సుకు కొత్త మొగ తవ్వాక ఉప్పునీరు లోపలికొచ్చి చేప మళ్ళీ పెరిగింది. కొత్త మొగ దగ్గర ప్రవాహమూ పెరిగింది, దాంతో జాగ్రత్తా పెరగాలి.

గోదావరి మొగ దగ్గరున్న వాళ్ళకు గాలి గురించి వేరే చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ, కాకినాడ తీరాన్ని ఎలా ఊడ్చేసిందో, వేటకు వెళ్ళిన వాళ్ళలో ఎందరు తిరిగి రాలేదో ఇక్కడి ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పట్లో రేడియోనూ, రేవులో ఎగరేసిన హెచ్చరికనూ నమ్ముకోవడమే. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అల ఎంత లేస్తుందో, గాలి ఎటు వీస్తుందో ముందే చెబుతోంది. గాలి గంటకు 45 కిలోమీటర్లు దాటేలా ఉంటే వాతావరణ శాఖ వేటకు వెళ్ళొద్దంటుంది. బొమ్మ ఎరకు పనికొచ్చే గాలి అందులో సగం కూడా కాదు. రావిచెట్టు ఆకులు గలగలమంటూ చిన్నకొమ్మలు ఊగితే చాలు, అదే పండుగప్ప గాలి. పెద్దకొమ్మలు ఊగుతున్నాయంటే పడవ ఒడ్డునే ఉండాలి. అప్పటికీ ఆశ చావకపోతే గట్టు మీద నిలబడి విసురుకోవచ్చు.

పెద్దదంతా ఆడదే

ఇంత తంటా పడి పట్టిన పెద్దచేప సంగతి ఒకటుంది. పండుగప్ప పుట్టుకతో మగది. నాలుగైదేళ్ళు పెరిగి, ఇంచుమించు మీటరు పొడవుకు చేరేసరికి ఆడదిగా మారుతుంది. చిన్నవన్నీ మగవి, బాగా పెద్దవి దాదాపు అన్నీ ఆడవే. ఒక్కో తల్లిచేప లక్షల్లో గుడ్లు పెడుతుంది, బాగా పెద్దదైతే కోటి కూడా దాటుతుంది. అంటే పెద్దచేప కోసమే వేటాడేవాడు తెలిసో తెలియకో తల్లినే ఏరుకుంటున్నాడు. ఇటు సన్నకళ్ళ వలలు పిల్లల్ని ఊడ్చేస్తుంటే, అటు గాలం తల్లిని తీసుకెళ్తోంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం తూర్పు తీరంలో అందుకే 58 సెంటీమీటర్ల కన్నా చిన్నదీ, 120 దాటినదీ పట్టినా వదిలేయాలని రూలు పెట్టారు.

మన దగ్గర అంత పెద్దది వదిలేయమంటే వినేదెవరు? సరదాకు రాడ్డు పట్టేవాడు ఫొటో తీసుకుని వదలొచ్చు. బియ్యం డబ్బుల కోసం రేవుకొచ్చినవాడికి అది చెప్పడం న్యాయం కాదు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ 1997లోనే హేచరీలో పండుగప్ప పిల్లల్ని పుట్టించింది. కృష్ణా జిల్లా నాగాయలంక వైపు చెరువుల్లో పెంచి అమ్ముతున్నారు కూడా. చెరువు చేప బజారుకొచ్చినకొద్దీ నది చేప మీద పడే ఒత్తిడి తగ్గుతుందని ఆశ. కానీ తినేవాడు మాత్రం 'ఇది ఏటిదేనా?' అని అడిగి మరీ కొంటున్నాడు, ఏటిదైతే మరో వంద ఎక్కువిస్తానంటున్నాడు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగిపోతుంది. యానాం రేవులోనూ అంతే. ఇంజను లేని పడవలకు ఆ కట్టడి లేదు. మధ్యాహ్నం సముద్రపు గాలి రోజూ తప్పకుండా లేచే రోజులు కూడా అవే. మూడు గంటల వేళ గౌతమి గట్టున తుంగ వంగుతుంటే, తెడ్డు పడవల్లో గాలాలు సర్దుకునేవాళ్ళు అప్పటికే గాలి కొట్టే ఒడ్డు ఏదో చూసుకుని ఉంటారు.