మానసిక చికిత్సాలయమున నర్సు

నిరుడు మా పినతల్లి కూతురికి మనోవ్యాధి యొక్కసారిగా ముదిరి, ఆసుపత్రిలో చేర్పవలసివచ్చెను. నర్సు మంచముచెంత కూర్చుండి, "ఏమి జరిగినదమ్మా?" అని యడిగెను. బదులు మేమే చెప్పితిమి: నిద్ర లేదనియు, అన్నము ముట్టదనియు. నర్సు తలయూచి, మరల ఆమెవంకనే చూచి, "మీరు చెప్పుడమ్మా, తొందర లేదు" అనెను. చాలసేపటికి మా చెల్లెలు "భయము వేయుచున్నది, తలుపు గడియ వేయకుడు" అనెను. పదిదినములుగా ఇంటిలో మేము చేసిన పని అదియే! నర్సు ఆ మాటలను మార్పక వ్రాసికొని, చదివి వినిపించెను.

ఇట్టి పద్ధతిని 1990 తరువాతి దశకమున ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున నర్సింగు ఆచార్యుడు ఫిల్ బార్కరు 'టైడల్ మోడల్' అను పేర రూపొందించెను. అందు రోగి వృత్తాంతమును వైద్యపరిభాషలోనికి మార్పక, రోగి పల్కులతోనే నర్సు వ్రాయును. తనకేది మేలుచేయునో రోగినే యడుగును. మందు మానవచ్చునని దీని యర్థము కాదు సుమా.

మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. దానిప్రకారము రోగిని సంకెలలతో బంధింపరాదు. బలవంతముగా తల గొరిగింపరాదు. కోరినయెడల స్వంత వస్త్రములే ధరింపవచ్చును. జబ్బు తిరుగబెట్టినచో ఎట్టి చికిత్స కావలెనో, ఎట్టిది వలదో, తన పక్షమున నెవరు మాటలాడవలెనో ముందుగనే వ్రాసియుంచవచ్చును. అత్యవసర చికిత్సకు మాత్ర మా పత్రము వర్తింపదు. ఈ సంగతి మాకు చెప్పినది ఆ నర్సే.

ఇల్లు చేరి, నెమ్మదించిన పిమ్మట మా చెల్లెలు అట్టి పత్రము వ్రాసికొనెను. తన పక్షమున పల్కుటకు మమ్ము గాక, తన స్నేహితురాలి నెన్నుకొనెను. మా మనస్సు చివుక్కుమన్నమాట నిజము.