నేను మంచిదాన్నే... ఇదిగో కాగితం!

"అమ్మా, మీ కోసం పోలీసాయన వచ్చిండు!"

ఇంటర్‌కమ్‌లో మా వాచ్‌మన్ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. మంచినీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు కూడా అంత హుషారుగా చెప్పడు. మాది నిజాంపేటలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. పోలీసాయన లిఫ్టెక్కి మూడో అంతస్తుకి వచ్చేలోపు రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటావిడ చేతిలో చాట పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. అందులో బియ్యమైతే లేవు.

వచ్చినాయన మర్యాదస్థుడు. ఆధార్ కార్డు, అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు చూశాడు. తన దగ్గరున్న ట్యాబ్‌లో వివరాలు ఎక్కించుకున్నాడు. "ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారమ్మా ఇక్కడ?" అన్నాడు. "2019 నుంచండీ" అన్నాను. "మీ మీద కేసులేమైనా ఉన్నాయా?" అన్నాడు. మా అత్తయ్యగారు హాల్లోనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. ఆవిడ పెట్టదలచుకుంటే పదకొండేళ్లలో ఎన్ని కేసులుండేవో! ఆవిడ మాత్రం తలెత్తకుండా "మా కోడలి మీదా? ఆకు కింద పిందె లాంటి పిల్ల నాయనా" అన్నారు. మంచినీళ్లు తాగి ఆయన వెళ్లిపోయాడు. పైసా అడగలేదు.

ఈ పోలీసు గొడవంతా ఎందుకంటే... మావారికి స్పెయిన్‌లో ఉద్యోగం వచ్చింది. 2024 మార్చిలో ఆయన ముందు వెళ్లారు. నేనూ, మా తొమ్మిదేళ్ల పాపా తర్వాత వెళ్లాలి. అక్కడ బడులు సెప్టెంబరులో తెరుస్తారు. ఆలోపు చేరకపోతే పాప చదువు మధ్యలో ఊగిసలాడుతుంది. మా వీసా అపాయింట్‌మెంటు జులై 22న. కావలసిన కాగితాల జాబితాలో పెళ్లి సర్టిఫికెట్టు, పాప పుట్టినరోజు సర్టిఫికెట్టు ఉన్నాయి. వాటితోపాటు నా పేర పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్టు, దానిమీద 'అపోస్టిల్', ఆపైన స్పానిష్ అనువాదం. పాపకు పోలీసు కాగితం అక్కర్లేదు. పెద్దవాళ్లకే.

అపోస్టిల్! మొదటిసారి విన్నప్పుడు అదేదో మందు బిళ్ల పేరనుకున్నాను.

ఈ కాగితం కోసం తిరిగిన తిరుగుడులో నేను నేర్చుకున్నవి కొన్ని, చేజేతులా పోగొట్టుకున్నవి కొన్ని. మన కాలనీల్లో వీసా కోసం ఎదురుచూసే ఇల్లాళ్లు ఇంటికొకరున్నారు కాబట్టి చెబుతున్నాను.

మొదటి తప్పటడుగు ఇరుగుపొరుగు సలహాతోనే. "పోలీస్ సర్టిఫికెట్టు అంటే కమిషనరేట్‌కే వెళ్లాలి కదా" అంది మా పైఫ్లోరు ఆవిడ. వాళ్లబ్బాయి ఏదో కంపెనీలో చేరేటప్పుడు అక్కడే తెచ్చుకున్నాడట. అదీ నిజమే, ఇదీ నిజమే. ఇక్కడి ఉద్యోగాల కోసం పోలీసు శాఖ ఇచ్చే కాగితం వేరు. విదేశీ వీసా కోసం అడిగేది పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చేది. పేరులో పోలీసు ఉన్నా ఇచ్చేది పాస్‌పోర్టు అధికారి. పోలీసులు విచారించి నివేదిక పంపుతారు, అంతే. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపి 500 రూపాయలు కట్టి, తేదీ తీసుకుని వెళ్లాలి. ఏ దేశానికి వెళుతున్నామో అందులో రాయాలి. కాగితం మీద ఆ దేశం పేరే వస్తుంది. స్పెయిన్ కోసం తీసుకున్నది పోర్చుగల్‌కు పనికిరాదు.

నాకు అమీర్‌పేట సేవా కేంద్రంలో తేదీ దొరికింది. నిజాంపేట రోడ్డు ట్రాఫిక్ సంగతి మీకు తెలిసిందే. ఆ రోడ్డు దాటి జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కడానికి పట్టిన టైము, అక్కణ్నుంచి అమీర్‌పేటకు పట్టిన టైముకంటే ఎక్కువ. లోపల ఏ, బీ, సీ అని మూడు అంచెల కౌంటర్లు. ఒకచోట ఫొటో, వేలిముద్రలు, ఇంకోచోట కాగితాల పరిశీలన, చివర అధికారి. నా పాస్‌పోర్టు మీద భీమవరం అత్తగారింటి అడ్రసుంది. ఉండేది నిజాంపేటలో. అందుకని విచారణకు పంపారు. దాని ఫలితమే పైన చెప్పిన చాట సన్నివేశం.

ఇంకో మాట. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. "వెళ్లేముందు ఆయన ఇంటిపేరు మార్పించుకో, లేకపోతే అక్కడ భార్యవని నమ్మరు" అని బంధువులు ఒకటే పోరు. నేను మార్చుకోలేదు. భార్యనని చెప్పడానికి పెళ్లి సర్టిఫికెట్టు ఉంది కదా! ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అయినా మనలో ఎంతమంది చేయించుకున్నాం? మాదీ పెళ్లైన ఆరేళ్లకు చేయించాం. చూడాల్సిందల్లా పాస్‌పోర్టులో పేరు ఏ అక్షరాలతో ఉందో మిగతా కాగితాల్లోనూ అలాగే ఉందా అని. ఒక చోట 'లక్ష్మి'కి చివర ఒక ఐ, ఇంకో చోట రెండు ఈలు... అక్కడే వస్తుంది తంటా.

అయ్యో, ఎంత పని చేశాను!

జూన్ మూడో వారంలో కాగితం చేతికొచ్చింది. ఒక్కటే పేజీ. ఫలానా పాస్‌పోర్టు గల ఫలానా ఆమె గురించి, ఆ దేశపు వీసాకు అనర్హురాలిని చేసే వ్యతిరేక సమాచారం ఏదీ లేదని రాసుంది. మంచిదని రాయలేదు, గమనించండి. చెడ్డదని తెలియదని మాత్రమే రాశారు. అయినా సరే, నాకెంత మురిపెమో! పదో తరగతి మార్కుల లిస్టు తర్వాత ప్రభుత్వం నా గురించి రాసిచ్చిన మంచి మాట ఇదొక్కటే.

మార్కుల లిస్టు అన్నాను కదా. అది వచ్చిన రోజే మా నాన్నగారు తెనాలిలో లామినేషన్ చేయించారు. ఇప్పటికీ చెక్కు చెదరలేదు. మా ఇంట్లో ముఖ్యమైన కాగితం అంటే లామినేషనే. ఆ అలవాటే నా కొంప ముంచింది. జిరాక్స్ షాపులో నకళ్లు తీయిస్తూ "దీన్ని కూడా చేసిచ్చెయ్యి బాబూ, వానాకాలం" అన్నాను. ముప్ఫై రూపాయలు. తళతళలాడుతూ వచ్చింది.

అపోస్టిల్ కోసం వెళ్లిన చోట కౌంటర్లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మేడమ్, దీని వెనకాలే కదా స్టిక్కర్ అంటించి ముద్ర వేయాలి? ప్లాస్టిక్ మీద ఎలా వేస్తారు? తీసుకోరు" అంది నెమ్మదిగా. జులై 1 ఆ రోజు. అపాయింట్‌మెంటుకు ఇరవై ఒక్క రోజులు.

ఇంటికొచ్చి ఏం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. వేడి చేస్తే ప్లాస్టిక్ ఊడుతుందని ఎవరో అన్నారు. ఇస్త్రీ పెట్టె తీశాను! పైన పాత నూలు చీర ముక్క పరిచి మెల్లగా రుద్దాను. ఓ మూల లేచింది. ఆశపడి లాగాను. ప్లాస్టిక్‌తో పాటు అధికారి సంతకం సగం ఊడొచ్చింది. ఆ రాత్రి వీడియో కాల్‌లో మావారికి చెప్పలేదు. "అన్నీ అయిపోయాయి" అని అబద్ధమాడి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అత్తయ్యగారికి కుళాయి చప్పుడు అర్థమైంది. తలుపు తట్టి "కాగితమే కదమ్మాయ్, మనిషి కాదుగా. మళ్లీ కట్టు ఆ అయిదొందలూ" అన్నారు. మళ్లీ కట్టాను. మళ్లీ అమీర్‌పేట.

ఆ రెండోసారి వరుసలో నా పక్కన కూర్చున్నావిడను మరచిపోలేను. మాది నిజాంపేటే అంటే ముఖం విప్పారింది. మా వెనక వీధి హాస్టల్లో వంట చేస్తుందట. ఊరు కోనసీమ. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లబోతోంది. "స్టాంపింగులకని ఏజెంటు పాతికవేలు అట్టుకెళ్లాడండీ" అంది. రసీదు లేదు. ఆమె పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర. అంటే పదో తరగతి పాసవలేదు కాబట్టి గల్ఫ్ లాంటి దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు ఎమిగ్రేషన్ అనుమతి ఉండాలి. ఇంటిపనికైతే ముప్ఫై ఏళ్లు నిండాలి. అలా వెళ్లే ఆడవాళ్లను పంపాల్సింది కూడా ప్రభుత్వ సంస్థలే. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్. ప్రైవేటు ఏజెంట్లు కాదు. ఈ నియమం 2016 నుంచి ఉంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనైనా అంతకు ముందు వారమే ఎక్కడో చదివాను కాబట్టి చెప్పగలిగాను. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం.

నా దగ్గరా ఓ ఏజెంటు 9,500 అడిగాడు. "ఢిల్లీ పంపాలి మేడమ్, అక్కడ మావాళ్లుండాలి" అని బెదిరించాడు. 2019 జనవరి నుంచి హైదరాబాద్‌లోని విదేశాంగ శాఖ కార్యాలయంలోనే ఈ పని జరుగుతోంది. మనం నేరుగా వెళ్లి ఇవ్వడానికి వీల్లేదన్నది నిజం. ఆ శాఖ నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. వాటి పేర్లు, వాళ్లు తీసుకోవలసిన చార్జీలు శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము ఎంతనుకుంటున్నారు? కాగితానికి యాభై రూపాయలు! ఏజెన్సీ సర్వీసు చార్జీ కలిపినా ఆయన అడిగినదాని దరిదాపుల్లోకి రాదు.

ఇంతకీ ఆ అపోస్టిల్ ఏమిటంటారా? మనదేశంలో ఒక అధికారి సంతకం పెట్టాడు. అది నిజమైన అధికారి సంతకమేనని స్పెయిన్ వాళ్లకెలా తెలుస్తుంది? పూర్వం ఇక్కడి శాఖ ఒక ముద్ర, ఆ దేశపు ఎంబసీ ఇంకో ముద్ర... మెట్లు ఎక్కుతూ పోవడమే. ఆ మెట్లు తగ్గించడానికి 1961 అక్టోబరు 5న నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఓ ఒప్పందం కుదిరింది. అందులో ఉన్న దేశాలు ఒకే తరహా ముద్రను ఒప్పుకుంటాయి. మన దేశంలో అది 2005 జులై 14 నుంచి అమల్లోకొచ్చింది. ఇప్పుడు 120కి పైగా దేశాలున్నాయి. సౌదీ 2022 డిసెంబరులో, కెనడా 2024 జనవరిలో కలిశాయి. కువైట్, దుబాయ్ వాళ్లు కలవలేదు కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లకు ఎంబసీ ముద్ర తప్పదు. జర్మనీతో మరో చిక్కు. ఆ దేశం ఒప్పందంలో ఉన్నా, మనం చేరినప్పుడు అభ్యంతరం చెప్పింది. అందుకని మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. మా మరిది స్నేహితుడొకాయన జర్మనీ కోసం అన్నింటికీ అపోస్టిల్ వేయించుకుని లబోదిబోమన్నాడు. అసలు ముద్ర అడుగుతారో లేదో కూడా దేశాన్నిబట్టే. అమెరికా గ్రీన్‌కార్డు వీసాకు వెళ్లే మా పిన్నికి పోలీసు కాగితం అడిగారుగానీ ముద్ర అడగలేదు.

పోలీసు కాగితం పాస్‌పోర్టు ఆఫీసుదే కాబట్టి నేరుగా అపోస్టిల్‌కు వెళ్లింది. పెళ్లి సర్టిఫికెట్టుకూ, పాప సర్టిఫికెట్టుకూ అలా కాదు. ముందు రాష్ట్ర ప్రభుత్వ శాఖ ధ్రువీకరించాలి, ఆ తర్వాతే అపోస్టిల్. వాటిని మే నెలలోనే పూర్తిచేసి పెట్టుకున్నాను, దేవుడి దయ. అదీ కలిసుంటే ఈ వ్యాసం రాసే ఓపిక నాకుండేది కాదు.

జులై 12న రెండో కాగితం వచ్చింది. ఈసారి విచారణకొచ్చిన కానిస్టేబుల్ "మళ్లీ మీరేనా అమ్మా?" అని నవ్వాడు. ఎదురింటావిడ చాట లేకుండానే వచ్చింది. కాగితాన్ని ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి, ఫైలును పాప డ్రాయింగ్ పుస్తకాల మధ్య పెట్టి, చీరల బీరువాలో దాచాను. జిరాక్స్ షాపు ఉన్న వీధిలోకే పోలేదు. అపోస్టిల్ వేయించాక చూస్తే వెనకవైపు చిన్న స్టిక్కరు. పది అంశాలు వరసగా ఉన్నాయి. ఏ దేశం, ఎవరి సంతకం, ఏ హోదా, ఏ ఊరు, ఏ తేదీ, ఏ నంబరు... ఆ నంబరును వెబ్‌సైట్‌లో కొట్టి అసలుదో నకిలీదో ఎవరైనా చూసుకోవచ్చు. మా పాప దాన్ని చూసి "ఇంతేనా?" అంది.

ఇంకా అనువాదం మిగిలింది. ఇక్కడా నా తొందర పని చెడగొట్టేదే. ముందే అనువాదం చేయించేద్దాం, టైము కలిసొస్తుందనుకున్నాను. అలా చేస్తే అపోస్టిల్ మీది మాటలు అనువాదంలోకి రావు. ముద్ర పడ్డాకే చేయించాలి. అదీ స్పెయిన్ విదేశాంగ శాఖ గుర్తింపున్న అనువాదకుల చేతే. ఖర్చు మొత్తంలో ఎక్కువ భాగం దీనికే అయింది. ఈ కాగితాలన్నింటికీ కాలపరిమితి ఒకటుంటుంది. మరీ ముందు తీసుకున్నా పాతబడిపోతాయి, ఆలస్యమైతే అందవు. పెళ్లి భోజనంలో అప్పడాల్లాగా అన్నమాట.

అనువాదం జులై 20 రాత్రి చేరింది. 22న వీసా కేంద్రంలో కూర్చున్నమ్మాయి నా పోలీసు కాగితాన్ని తీసింది. ముందుకోసారి, వెనక్కోసారి తిప్పింది. కిందికి పెట్టేసి తర్వాత కాగితం తీసింది. రెండు సెకన్లు!

ఆగస్టు నెలాఖరుకు వీసాలొచ్చాయి. ఆ సాయంత్రం మావారికి ఇస్త్రీ పెట్టె కథ మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ మొదటి కాగితం ఉందా?" అన్నారు. ఉంది, సగం సంతకంతో. పారేయబుద్ధి కాలేదు. కోనసీమ ఆవిడ కూడా ఫోన్ చేసింది. ఏజెంటు దగ్గర్నుంచి పదివేలు వెనక్కి రాబట్టిందట. మిగతా పదిహేనువేల కోసం రోజూ వాడింటి ముందు కూర్చుంటున్నానంది. కువైట్ ప్రయాణం ఇంకా తేలలేదు.

చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నప్పుడు పదకొండు ప్రదక్షిణలు చేశాను. పని అయ్యింది కాబట్టి నూట ఎనిమిది బాకీ. టికెట్టు చూస్తే నాలుగు రోజులే ఉంది. సామాను సర్దలేదు, ఆవకాయ ప్యాకింగ్ కాలేదు. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులావిడ. మేం వెళ్లాక భీమవరం వెళ్లి ఒంటరిగా ఉండాల్సిన మనిషి. "నువ్వు సర్దుకో అమ్మాయ్, ఆ నూట ఎనిమిదీ నేను తిరుగుతాను. ఒక్కరోజులో అవ్వకపోతే రెండు రోజులు తిరుగుతాను" అంటూ చెప్పులేసుకున్నారు.