పెద్ద బండి, చిన్న సీసా

మా భూగర్భశాస్త్ర విభాగం వారికి రాళ్ల గురించి తప్ప మరొకటి తెలియదని సోదర విభాగాల వారి నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఫీల్డు వర్కు పేరుతో ఏటా తూర్పు కనుమల్లోకి పోయి రావలసినవాళ్లం గనుక, రాళ్లతో పాటు వాటిని మోసుకొచ్చే బండి గురించి కూడా కొంత నేర్చుకోక తప్పలేదు. 2015లో కొన్నప్పటినుంచీ మా డిపార్టుమెంటు బండికి నేనే ఇన్‌చార్జిని. జీతంలో ఒక్క రూపాయి పెరగని పదవి అది. సావనీరుకు "అందరికీ పనికొచ్చేది ఏదైనా రాయండి మాస్టారూ" అని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, ఖోండలైటు మీద రాస్తే ప్రూఫులు దిద్దేవారు తప్ప ఎవరూ చదవరని తోచి, బండి గురించి రాస్తున్నాను. పూర్వ విద్యార్థుల సమ్మేళనం నాడు కాలేజీ ఆవరణలో చెట్ల కింద నిలబెట్టిన వాహనాల్ని చూస్తే, ఇది చాలామందికి పనికొచ్చే విషయమేనని నాకు ధైర్యం.

ముందు ఈ జాతి సంగతి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 నుంచి, అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ తయారుచేసిన జీపు వీటన్నిటికీ తాత. మన దేశంలో 1947లో మహీంద్రా వారు ఆ జీపుల్ని బిగించటం మొదలుపెట్టారు. తహసీల్దారు గారి జీపు, ప్రాజెక్టు ఇంజనీరు గారి జీపు, ఎన్నికల మైకు కట్టిన జీపు మా తరానికి బాగా గుర్తు. తర్వాత 1998లో టాటా సఫారి, 2002లో మహీంద్రా స్కార్పియో, 2009లో టయోటా ఫార్చ్యూనర్ వచ్చి, ఆ తాతగారికి ఏ.సి., మెత్తటి సీట్లు, పాటల పెట్టె అమర్చాయి. పైకి కారు. కింద మాత్రం లారీకి వున్నట్టే ఉక్కు చాసిస్. ఇప్పుడు చాసిస్ లేకుండా కారు మాదిరిగా కట్టినవీ చాలా వస్తున్నాయి. నేను చెప్పేది చాసిస్ మీద కూర్చున్న పెద్ద డీజిల్ బండ్ల గురించి. మాది అటువంటిదే.

ఇటువంటి బండిలో స్టీరింగు ముందు కూర్చుంటే ఎవరికైనా కొంచెం రాజసం వస్తుంది. ఎత్తుగా కూర్చుంటాం, గుంతలు తెలియవు, ఇంజను చప్పుడు లోపలికి రాదు, ఎనభైలో పోతున్నా నలభైలో వున్నట్టే వుంటుంది. బండి తాను పడుతున్న కష్టాన్ని మనకు తెలియనివ్వదు. అసలు చిక్కు అక్కడే వుంది.

2019 డిసెంబరులో అరకు, బొర్రా గుహల ప్రాంతంలో నాలుగు రోజుల ఫీల్డు వర్కు ముగించుకుని వెనక్కి వస్తున్నాం. అయిదుగురు విద్యార్థులు, డ్రైవరు గారు, నేను. టాప్ మీద కారియరులో రాతి నమూనాల సంచులు. డ్రైవరు గారికి ముందు రాత్రి నుంచే జ్వరం. వెనక సీట్లో దుప్పటి కప్పుకుని మూలకు ఒదిగి కూర్చున్నారు. స్టీరింగు నేను పట్టాను. అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు ఘాటు దిగటం మొదలైంది. నాలుగో గేరులో, కాలు బ్రేకు మీద పెట్టి, హాయిగా, కబుర్లు చెప్పుకుంటూ దిగుతున్నాం. అంత బరువైన బండి అంత మెత్తగా దిగుతూ వుంటే నా డ్రైవింగు మీద నాకే గౌరవం కలిగింది.

సగం దూరం వచ్చాక, ముందు సీట్లో కూర్చున్న అమ్మాయి, "మాస్టారూ, ఏదో కాలిన వాసన వస్తోందండీ" అంది. ఎవరో చెత్త తగలబెడుతున్నారన్నాను. మరో రెండు మలుపులు తిరిగాక బ్రేకు నొక్కితే పెడలు నీళ్లలో కాలు పెట్టినట్టుగా మెత్తగా కిందికి పోయింది. బండి మాత్రం తగ్గలేదు.

ఆ తర్వాత పావు నిమిషంలో ఏమేం చేశానో వరసగా చెప్పలేను. పెడల్ని గబగబా నాలుగైదు సార్లు తొక్కితే కొద్దిగా పట్టింది. మూడో గేరు, వెంటనే రెండో గేరు వేశాను. ఇంజను అరిచింది. చేతి బ్రేకు ఒక్కసారిగా లాగకుండా కొంచెం కొంచెంగా లాగుతూ, బండిని లోయవైపు కాక కొండవైపు ఒరిపించి తెచ్చి, కల్వర్టు దగ్గర కాస్త వెడల్పుగా వున్నచోట ఆపాను. ముందు చక్రాల నుంచి పొగ. పిల్లలు దిగి చక్రాల కింద పెట్టటానికి రాళ్లు వెతకబోయారు. భూగర్భశాస్త్రం వాళ్లకు రాళ్లు వెతుక్కోవలసిన అవసరమేమిటి? టాప్ మీది సంచి దింపి, నాలుగు రోజులు సుత్తితో కొట్టి సంపాదించిన చార్నొకైటు ముక్కలు చక్రాలకు అడ్డం పెట్టాం.

అరగంట తర్వాత పెడలు తొక్కి చూస్తే ఎప్పటిలా గట్టిగా వుంది! ఏమీ జరగనట్టే. "తగ్గిపోయింది, పోదాం" అన్నాను. డ్రైవరు గారు దుప్పటి తీసి, "తగ్గలేదు మాస్టారూ, చల్లారింది. మొదటి గేరులో దింపుదాం" అన్నారు. అలాగే మొదటి గేరులో పాక్కుంటూ దిగి శృంగవరపుకోట చేరాం. అక్కడ మెకానిక్కు బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిలు డబ్బా మూత తీసి, వేలు ముంచి చూసి, "ఇది ఆయిలా, కషాయమా? ఎప్పుడు మార్చేరు బాబూ?" అన్నాడు. నేను బండి రిజిస్టరు తెరిచాను. "బ్రేక్ ఆయిలు: చూడబడినది" అని ఆరునెలలకొకసారి చొప్పున ఎనిమిది చోట్ల రాసివుంది. ఎనిమిది చోట్లా కింద నా సంతకం. చూడటం నిజమే. డబ్బాలో గీత దాకా వుందో లేదో చూశాం. నాలుగేళ్లలో ఒక్కసారీ మార్చలేదు.

ఇక జరిగిందేమిటో చెప్తాను. మా బండి మనుషులతో, రాళ్లతో కలిపి సుమారు 2600 కిలోలు. పైనుంచి మైదానానికి దిగిన ఎత్తు సుమారు 900 మీటర్లు అనుకుందాం. ఇంటర్మీడియెట్‌లో చదివిన సూత్రంతోనే లెక్క కడితే, కొండమీద బండిలో దాగివున్న స్థితిజ శక్తి దాదాపు 2 కోట్ల 30 లక్షల జౌళ్లు. కింద బండి ఆగి నిలబడాలంటే ఆ శక్తి అంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారిపోవాలి. 30 డిగ్రీల దగ్గర వున్న నీళ్లను 75 లీటర్లకు పైగా, అంటే అయిదారు బిందెలు, మరిగే స్థితికి తెచ్చే వేడి అది. కొంత గాలికి, కొంత టైర్లకు పోతుంది. మిగిలినదాన్ని ఇంజనుకు అప్పగిస్తారా, బ్రేకు పళ్లేలకు అప్పగిస్తారా అన్నది గేరు వేసే చెయ్యి నిర్ణయిస్తుంది. నాలుగో గేరు వేసి నేను దాదాపు అంతా బ్రేకుల నెత్తిన పెట్టాను.

బ్రేకులు రెండు రకాలుగా చేతులెత్తేస్తాయి. పెడలు గట్టిగానే వుండి బండి ఆగకపోతే, ప్యాడ్లు మితిమీరి వేడెక్కి పట్టు కోల్పోయాయన్నమాట. పెడలు మెత్తబడి కిందికి పోతే దోషం ఆయిలుది. నిజానికి అది ఆయిలు కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. దానికి తేమను పీల్చుకునే గుణం వుంది. రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత సందుల గుండా ఏళ్ల తరబడి గాలిలోని తడిని తాగుతూనే వుంటుంది. డాట్-3 రకం కొత్తగా వున్నప్పుడు 205 డిగ్రీలు దాటితేనే మరుగుతుంది. తేమ పట్టినప్పుడు ప్రమాణం ప్రకారం 140 డిగ్రీల దాకా తట్టుకుంటే చాలు. డాట్-4కి ఆ అంకెలు 230, 155. వేడెక్కిన చక్రం దగ్గర ఆ పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నొక్కుడు చక్రాల దాకా పోతుంది. ఆవిరిని నొక్కితే అది అక్కడే ముడుచుకుంటుంది. చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవమై పెడలు మామూలయిపోతుంది. జ్వరంలో వున్న మనిషి రెండు ముక్కల్లో చెప్పింది ఇదే. విశాఖ వంటి సముద్రతీరపు వూళ్లలో గాలిలో తేమకు కొరత లేదు గనుక, కంపెనీ పుస్తకంలో "రెండేళ్లకోసారి" అని వుంటే దాన్ని అక్షరాలా పాటించటం మంచిది. ఖర్చు ఒక పూట హోటలు బిల్లు కంటే ఎక్కువ కాదు.

ఘాటు ఎక్కటానికి ఏ గేరు కావలసివచ్చిందో దిగటానికీ అదే గేరు అని పాత లారీ డ్రైవర్లు చెప్పేవారు. ఈనాటి ఇంజన్ల బలానికి అంతకంటే ఒకటి తగ్గించుకుంటే ఇంకా మంచిది. ఆటోమేటిక్ బండ్లలో కూడా గేరును చేత్తో కింద నిలిపే ఏర్పాటు వుంటుంది. దిగువలో న్యూట్రల్ వేసి డీజిల్ ఆదా చేస్తున్నామనుకునే మిత్రులు కొందరున్నారు. నేటి ఇంజన్లు గేరులో వుండగా యాక్సిలరేటరు వదిలేస్తే డీజిల్ చిమ్మటమే మానేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగకుండా వుండటానికి తాగుతూనే వుంటాయి.

ఆ రోజు నేను చేసిన రెండో తప్పు టాప్ మీది సంచులు. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి బండి ఎంత తేలిగ్గా బోల్తా పడుతుందో అంచనా వేస్తారు. మామూలు కార్లకు అది 1.3 నుంచి 1.5 దాకా వుంటుంది. ఈ జాతి బండ్లకు 1.0 నుంచి 1.3 దాకా. అసలే తక్కువ. నెత్తిమీద రాళ్లు పెడితే ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు మా నమూనాలు సీట్ల కింద, కాళ్ల దగ్గర ప్రయాణం చేస్తున్నాయి. విద్యార్థులు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

నాలుగు చక్రాల పట్టు, అంటే ఫోర్ వీల్ డ్రైవ్, గురించి ఒక భ్రమ వుంది. అది బండి కదలటానికి సాయపడుతుంది గాని ఆగటానికి కాదు. రెండు చక్రాల బండికైనా నాలుగు చక్రాల బండికైనా బ్రేకులు నాలుగే. పైగా మా బండి వంటి వాటిలో ఆ లీవరు వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరిగేటట్టు ముడిపడిపోతాయి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారదు. స్టీరింగు బరువెక్కుతుంది, గేర్ల మీద మెలి పడుతుంది, లీవరు వెనక్కి రాదు. అలా ఇరుక్కుంటే తిన్నగా కొన్ని గజాలు వెనక్కి నడిపితే మెలి విడుతుంది. రెండో లీవరు స్థానం, "లో" అనేది, ఇంజను బలాన్ని సుమారు రెండున్నర రెట్లు చేసి వేగాన్ని అంతే తగ్గిస్తుంది. ఎర్రమట్టి బాటలో బండి దిగబడినప్పుడు యాక్సిలరేటరు తొక్కి చక్రాన్ని ఇంకా లోతుకు తవ్వటం కంటే, దాన్ని వేసి మెల్లగా బయటపడటం మర్యాద.

నీళ్ల సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు బండ్లు పోగొట్టుకున్నవారిలో మన పూర్వ విద్యార్థులూ వున్నారు. ఎత్తైన బండి గనుక పోతుందనే ధైర్యంతో వరద నీళ్లలో దిగటం పొరపాటు. నీళ్లు గాలి గొట్టం గుండా సిలిండరులోకి చేరితే పిస్టను వాటిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఇంజను ఆగితే మళ్లీ స్టార్టు చెయ్యకూడదు. తాడు కట్టి లాగించటమే. నీళ్లు దాటి వచ్చిన బండికి డిఫరెన్షియల్ ఆయిలు కూడా చూడాలి. వేడిగా వున్న ఆక్సిలు చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లను పీలుస్తుంది. ఆయిలు మజ్జిగ రంగుకు మారితే అదే గుర్తు.

2020 ఏప్రిల్ తర్వాత బి.ఎస్.6 డీజిల్ బండి కొన్నవారికి మరొక్క మాట. పొగలోని మసిని పట్టే జల్లెడ ఒకటి దానికి వుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే జల్లెడ 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఇంటి నుంచి కాలేజీకి రెండు కిలోమీటర్లు, కాలేజీ నుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు తిప్పితే అది ఎన్నటికీ వేడెక్కదు. వారానికొకసారి హైవే మీద అరగంట తిప్పండి. ఆ తిరుగుడు ఇష్టం లేనివారికి పెట్రోలు బండి మేలు. మా పాత బండికి ఈ గొడవ లేదు.

టైర్లకు అరుగుదలే కాదు, వయసు కూడా వుంటుంది. పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 3219 అంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైందని. ఎక్కువగా షెడ్డులో వుండే బండికి టైరు అరగకుండానే ముసలిదవుతుంది. మా స్టెప్నీ అలాంటిదేనని పోయిన ఏడాది కనిపెట్టి మార్పించాం.

శృంగవరపుకోట మెకానిక్కు మా బండి నుంచి తీసిన గోధుమరంగు ద్రవాన్ని ఒక చిన్న సీసాలో పోయించుకు వచ్చాను. మా లాబొరేటరీ బీరువాలో, ఆనాటి చార్నొకైటు ముక్కల పక్కన, మిగతా నమూనాలకు అంటించినట్టే చీటీ అంటించి పెట్టాను: సేకరించిన స్థలం, తేదీ, సేకరించినవారి పేరు. కొత్తగా చేరిన ఎమ్మెస్సీ విద్యార్థులు అది ఏ ఖనిజమని అడుగుతూ వుంటారు. రిజిస్టరులో "చూడబడినది" అన్న గడి కొట్టేసి "మార్చబడినది" అని రాయించాం. ఆఖరి తేదీ పోయిన జూన్.